థర్మల్ డ్రోన్ రివ్యూ: ‘నేలలో పాతినవి కూడా పట్టేస్తుంది’ అన్నారు, సరే అని పాతిపెట్టి చూశాం

ముందే చెప్పేస్తున్నా, ఇది సోలార్ ప్యానెళ్ల పని కోసం కొన్న డ్రోన్. కంపెనీ పేరు రాయను. ఇంకా తొమ్మిది ఈఎంఐలు కట్టాలి, వారంటీ వాళ్ల చేతిలో ఉంది, ఆ సర్వీస్ సెంటర్ అబ్బాయితో నాకు మళ్లీ మళ్లీ పని పడుతుంది. మాది కర్నూలు పక్కన. ఓర్వకల్లు వైపు గని, శకునాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు 2017లో వచ్చినప్పటి నుంచి మా వైపు టీకొట్టు దగ్గర కూడా థర్మల్ కెమెరా (వేడిని బొమ్మగా చూపించేది) అన్న మాట వినపడుతూనే ఉంది. ప్యానెల్‌లో ఒక సెల్ పాడైతే అది పక్కవాటి కన్నా ఎక్కువ వేడెక్కుతుంది, పైనుంచి చూస్తే తెల్ల చుక్కలా మెరుస్తుంది, చిన్న చిన్న ప్లాంట్లు తిరిగి ఆ చుక్కలు లెక్కబెట్టి రిపోర్టు రాసివ్వడం నా పని. దానికి ఈ డ్రోన్ బ్రహ్మాండం, ఐదుకి నాలుగున్నర ఇస్తాను. ఆ ముక్క కోసమే వచ్చినవాళ్లు ఇక్కడితో ఆపేసి వెళ్లిపోవచ్చు.

మిగతాదంతా బ్రోషర్ మూడో పేజీ గురించి. అక్కడ ఇసుకలో మోకాళ్ల మీద కూర్చున్న ఒక సైనికుడి బొమ్మ, దాని పక్కన భూమిలో పాతిన వస్తువులను, మందుపాతరలతో సహా, దూరం నుంచే గుర్తిస్తుంది అని ఒక లైను. కొనేటప్పుడు ఫోన్‌లో అడిగితే సేల్స్ అతను ఇంకో అడుగు ముందుకేసి, ‘భూమి లోపలికి కూడా చూస్తుంది సార్’ అన్నాడు. అప్పుడు నేను నవ్వి ఊరుకున్నాను, నాకు కావాల్సింది ప్యానెళ్లు కాబట్టి.

ఊరుకోనిది ఇద్దరు. ఒకడు మా చిన్నాన్న కొడుకు, సీఆర్పీఎఫ్‌లో ఛత్తీస్‌గఢ్ పోస్టింగ్. ఫోన్ చేసి ‘అన్నా, మాకు రోడ్డు కింద ఏముందో చెప్పేది ఏదైనా ఉంటే చెప్పన్నా, మీ డ్రోన్ చేస్తుందంట కదా’ అన్నాడు. తమాషాగా అన్నాడో సీరియస్‌గా అన్నాడో తెలియలేదు, కానీ ఆ రాత్రి నాకు సరిగ్గా నిద్ర పట్టలేదు.

రెండో ఆయన మా మేనమామ. సైన్యంలో ఇంజినీర్ల దళం మద్రాస్ శాపర్స్‌లో హవల్దారుగా చేసి రిటైరయ్యాడు. 2001 డిసెంబర్‌లో పార్లమెంటు మీద దాడి జరిగాక ఆపరేషన్ పరాక్రమ్ అని సరిహద్దు పొడవునా సైన్యాన్ని దించారు కదా, అప్పుడు రాజస్థాన్ ఇసుకలో మైన్లు పాతినవాళ్లలో మామ ఉన్నాడు, తర్వాత వాటిని తీసినవాళ్లలోనూ ఉన్నాడు. ఆ మూడో పేజీ చూపిస్తే కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని చదివి ‘ఎంత లోతు అల్లుడూ?’ అన్నాడు. బ్రోషర్‌లో లేదు. ‘ఏ నేలలో?’ అదీ లేదు. ‘మరి ఏం రాసినారు?’ అన్నాడు. 640 బై 512 అని రాసినారు మామా అన్నాను.

సరే, ఆ 640 బై 512 సంగతి, అంటే కెమెరా బొమ్మలో అడ్డంగా, నిలువుగా ఉండే పిక్సెళ్ల లెక్క, ముందు చూద్దాం, ఎందుకంటే ధరంతా దాని మీదే ఉంది. 12 మైక్రాన్ల పిక్సెల్, 13 మిల్లీమీటర్ల లెన్స్. సంక్లిష్టంగా ఏమీ లేదు, ఈ రెండంకెలు పెట్టి భాగిస్తే పది మీటర్ల ఎత్తు నుంచి ఒక్కో పిక్సెల్ నేల మీద 9 మిల్లీమీటర్లు చూస్తుంది, ముప్ఫై మీటర్ల నుంచి దాదాపు 3 సెంటీమీటర్లు, అరవై మీటర్ల నుంచి ఐదున్నర. మామ చెప్పే ఎం14 రకం మైను, కాలు పడితే పాదం పోయేది, అడ్డంగా 56 మిల్లీమీటర్లు. ఆయన మాటల్లో ‘సున్నం డబ్బా అంత’. అంటే అరవై మీటర్ల ఎత్తు నుంచి చూస్తే అదంతా కలిపి ఒకే ఒక్క పిక్సెల్, ఆ ఒక్కటీ నిజంగా మైనో, రాయో, కెమెరా మచ్చో చెప్పడం దేవుడి వల్ల కూడా కాదు. పోనీ పది మీటర్లకు దిగి ఎగరేస్తే ఒక ఫోటోలో పడే నేల మన హాలంత, ఆరు మీటర్లు బై ఐదు మీటర్లు కూడా ఉండదు. ఫోటోలు ఒకదాని మీద ఒకటి బాగా ఎక్కేలా తీయాలి, లేకపోతే తర్వాత అతుక్కోవు, అలా ఎకరం నేల తీస్తే వెయ్యి ఫోటోలు దాటుతాయి. పోనీ ఇంకా దిగుదామా అంటే రెక్కల గాలికి దుమ్ము లేస్తుంది, పైమట్టి చల్లబడిపోతుంది, ఏ వేడిని కొలవడానికి వచ్చామో దాన్నే మనం ఊదేసుకుంటాం.

డిగ్రీలో ఇరవయ్యో వంతు తేడా కూడా చూపిస్తుందని రాశారు, ఆ మాట నిజమే. మామ మట్టి మీద బాసింపట్టు వేసి కూర్చుని లేచిన చోటు రెండు నిమిషాల దాకా తెరమీద తెల్లగా మెరుస్తూనే ఉంది, మనవడి చిట్టి పాదాల అడుగులు వరసగా దీపాల్లా కనపడి ఒక్కొక్కటే ఆరిపోయాయి. పిల్లాడు అది చూసి పది సార్లు అటూ ఇటూ పరిగెత్తాడు. కానీ అదే కెమెరాకు ఒక అట్టముక్క అడ్డం పెట్టండి, దాని వెనకున్న మనిషి కనపడడు. అట్ట పైనున్న వేడి మాత్రమే కనపడుతుంది. మట్టి కూడా అంతే. ఇది చూసేది నేల పైతోలు, లోపలికి చూడటం అన్నది దీని పుట్టుకలోనే లేదు.

మరి పాతిన వస్తువు ఎలా తెలుస్తుంది? మా వైపు మిద్దెల మీద నాపబండలు పరుస్తారు. వాటిలో ఒక బండ కింద సిమెంటు పట్టక బోలుగా ఉందనుకోండి, మధ్యాహ్నం ఉత్తకాళ్లతో నడిస్తే ఆ బండే ఎక్కువ చుర్రుమంటుంది, ఎందుకంటే పైన పడ్డ ఎండ కిందికి దిగడానికి దారి లేదు. రాత్రి పడుకునేటప్పుడు చూస్తే అదే ముందుగా చల్లబడి ఉంటుంది, కింద నుంచి వేడి పైకి రావడానికీ దారి లేదు కాబట్టి. నేలలో ప్లాస్టిక్ డబ్బా నిండా మందు కూరి పెట్టినా ఇదే జరుగుతుంది: పగలు దాని పైమట్టి పక్కమట్టి కన్నా కాస్త వేడి, రాత్రి కాస్త చల్లన. కాస్త అంటే నా కొలతల్లో డిగ్రీ, మహా అయితే డిగ్రీన్నర. మధ్యలో, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి, వేడి చల్లనలోకి, చల్లన వేడిలోకి మారే వేళ ఒకటి వస్తుంది. ఆ వేళ రెండూ సమానం. ఆ కాసేపు ఎంత ఖరీదైన కెమెరా అయినా గుడ్డిదే.

ఇంకో సంగతి, రోజంతా కాసిన ఎండ వేడి పొడి ఇసుకలో ఎనిమిది సెంటీమీటర్లు దిగేసరికి దాని ఊపు మూడో వంతుకు పడిపోతుంది. బెత్తెడు లోతన్నమాట. అక్కడున్న వస్తువు వేడికి అడ్డం పడినా ఆ సంగతి మళ్లీ పైకి రావాలి కదా, వచ్చేసరికి అది ఇంకా నీరసపడుతుంది. మామ అడిగిన ‘ఎంత లోతు’ ప్రశ్నకు జవాబు ఇదే, బ్రోషర్‌లో రాయాల్సిందీ ఇదే.

ఇదంతా చదివి ఈ పద్ధతే బోగస్ అనుకోకండి, అసలు నాకు కోపం వచ్చిందే అది బోగస్ కాదు కాబట్టి. ఆఫ్రికాలో చాద్ దేశం ఉత్తరాన, ఫాయా-లార్జో చుట్టుపక్కల ఎడారిలో, లిబియాతో యుద్ధం నాటి మైన్లు (ఆ యుద్ధం 1987లో ముగిసింది) ఇప్పటికీ ఉన్నాయి. అక్కడ హ్యుమానిటీ అండ్ ఇన్‌క్లూజన్ సంస్థవాళ్లు 2019, 2020ల్లో చిన్న డ్రోన్లకు థర్మల్ కెమెరాలు పెట్టి ఎగరేసి, మూడు దశాబ్దాలుగా ఇసుక కింద ఉన్న మైన్ల జాడ నిజంగానే పట్టారు. గడ్డిపోచ లేదు, చెట్టు నీడ లేదు, వాన లేదు, పగలు పెనం రాత్రి ఫ్రిజ్, అలాంటి నేల అది. అమెరికాలో బింగ్‌హామ్టన్ యూనివర్సిటీవాళ్లు 2018లో ప్రచురించిన పని ఇంకోటి ఉంది, సీతాకోకచిలుక మైను అంటారే పీఎఫ్ఎం-1, సోవియట్ సైన్యం అఫ్గానిస్తాన్‌లో ఆకాశం నుంచి చల్లినవి, అరచేతిలో పట్టే ప్లాస్టిక్ రెక్కలవి, పిల్లలు బొమ్మ అనుకుని ఎత్తుకునేవి. ప్లాస్టిక్, రాయి ఎండకు ఒకే వేగంతో కాగవు కాబట్టి తక్కువ ఖర్చు డ్రోన్‌తోనే వాటిని వేరుగా గుర్తుపట్టొచ్చని చూపించారు. కానీ గమనించండి, అవి పాతినవి కావు, నేల మీద పడి ఉన్నవి. ఉక్రెయిన్‌లో కూడా పగలంతా ఎండకు కాగిన ట్యాంకు మైన్లు చీకటి పడే వేళకు థర్మల్ డ్రోన్లలో మెరుస్తున్నాయని 2023లో వార్తలు వచ్చాయి. ఆ ట్యాంకు మైను టీఎం-62 అన్నది బానపళ్లెమంత ఇనప ముద్ద, 32 సెంటీమీటర్ల వెడల్పు, గడ్డిలో పైనే పెడితే కనపడదా మరి.

బ్రోషర్ రాసినాయన ఈ వార్తలన్నీ చదివి కలిపి ఒక లైను చేసి మూడో పేజీలో పెట్టేశాడని నా అనుమానం.

సరే, మా పరీక్ష. మైను బదులు మైనం. రాస్తుంటే ఇప్పుడు నవ్వొస్తోంది కానీ ఆ పేరు కుదరడం మామ మొదటిరోజు నుంచీ ఎంజాయ్ చేశాడు. తాంబూలంలోకి సున్నం పెట్టుకునే చిన్న ప్లాస్టిక్ డబ్బాలు ఎనిమిది, పది అంగుళాల ప్లాస్టిక్ బేసిన్లు నాలుగు, అన్నింటిలో పారాఫిన్ మైనం కరగబోసి గట్టిపడనిచ్చాం. మైనం వేడిని దాదాపు పేలుడు మందులాగే నెమ్మదిగా పంపిస్తుంది, ప్రమాదం లేదు. పెద్ద బేసిన్లకు మూతలుగా మా అత్త ప్లేట్లు వాడేశాం, దాని గురించి ఆమె చెప్పింది ఈ రివ్యూలో రాయలేను. ఆరు మామ ఎర్రచేలో, మూడు అవతలి నల్లరేగడిలో, మూడు హంద్రీ ఏటి ఇసుకలో. ఎక్కడ పాతాడో నాకు చెప్పలేదు. ఒక పాత నోటుబుక్కులో గీతలు గీసి, వేపచెట్టు నుంచి ఇన్ని అడుగులు, గట్టురాయి నుంచి ఇన్ని అడుగులు అని రాసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. సైన్యంలో మైన్‌ఫీల్డుకు రికార్డు రాసేది ఇలాగేనట.

మొదటి సాయంత్రం ఎర్రచేలో, ఏడు గంటలకు, ఏప్రిల్ నెలాఖరు, సూర్యుడు దిగి అరగంటయింది. తెరమీద చల్లటి నల్ల మచ్చలు ఎంత స్పష్టంగా కనపడ్డాయంటే నేను అరిచేశాను. పద్నాలుగు చోట్ల కర్రలు పాతాను. మామ టార్చి వేసుకుని నోటుబుక్కు తీసి ఒక్కో కర్ర దగ్గరికి నడిచాడు. ఆరు డబ్బాల్లో ఐదు దొరికాయి. మిగిలిన తొమ్మిది కర్రల్లో నాలుగు నా పొరపాట్లు: ఒకటి మేక పడుకున్న చోటు, ఒకటి పేడ ఎండి అట్టకట్టిన చోటు, ఇంకో రెండు ఏమిటో ఇప్పటికీ తెలియదు. ఐదు మాత్రం మామ నాకు చెప్పకుండా ఉత్తినే తవ్వి, ఏమీ పెట్టకుండా మళ్లీ పూడ్చిన గుంటలు. ఐదుకి ఐదూ పట్టాను.

‘తవ్విన చోటల్లా పట్టుకున్నావు అల్లుడూ, పాతిన చోటు కాదు’ అన్నాడు.

ఆ ఒక్క మాటతో నా సంబరమంతా చప్పబడింది. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. తవ్వి తిరగేసిన మట్టి గుల్లగా ఉంటుంది, అణిగిన మట్టిలా వేడిని మోయదు, పైగా లోపలి సన్నమన్ను పైకొస్తుంది, అది ఈ కెమెరా చూసే తరంగాల్లో వేరేలా మెరుస్తుంది. కాబట్టి కొత్తగా తవ్వినది ఏదైనా కనపడుతుంది, లోపల మైనున్నా, మైనమున్నా, ఏమీ లేకున్నా. నిన్న రాత్రి ఎవరైనా దారిలో ఏదైనా పాతారా అని తెలుసుకోవడానికి అది పనికొస్తుంది, నిజంగానే పనికొస్తుంది. ముప్ఫై ఏళ్ల కిందటి మైనుకు అది సాక్ష్యం కాదు.

తర్వాత వారానికి ఉరుములతో ఒక వాన పడింది. రెండు రోజులు తెర అంతా బూడిద పూసినట్టు ఒకే రంగు, తడిమట్టి ఆరుతున్నంతసేపు దాని చల్లదనం మిగతా అన్నిటినీ మింగేస్తుంది. నేల ఆరాక మళ్లీ ఎగరేశాను. మామ ఉత్తుత్తి గుంటలు ఐదింటిలో నాలుగు మాయం. ఎర్రచేలో పెట్టిన పెద్ద బేసిన్లు రెండూ ఇంకా కనపడుతున్నాయి, ఇంత హాయిగా ఇంకేదీ అనిపించలేదు. రెండు వేళ్ల లోతులో పెట్టిన చిన్న డబ్బాలు చూడగా చూడగా ఉన్నట్టు అనిపిస్తాయి, అది కూడా వాటి చోటు నాకు ముందే తెలుసు కాబట్టి. బెత్తెడు లోతువి లేవు. అంటే వాన ఆ తవ్వకపు మచ్చల్ని కడిగేశాక మిగిలేదే వస్తువు జాడ, చాద్‌లో వాళ్లు పట్టింది ఈ రెండో రకాన్ని, అందుకే వాళ్ల పని గొప్పది.

నల్లరేగడి గురించి ఎక్కువ రాయను. ఎండాకాలం రేగడి ఎలా నెర్రెలిచ్చి ఉంటుందో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. తెరమీద అదొక సాలెగూడు, ప్రతి నెర్రె ఒక గీత, గీతల మధ్య ప్రతి పెళ్ల ఒక మచ్చ. మూడింటిలో ఒక్కటీ పట్టలేదు, పట్టానని చెప్పినవి పదకొండు.

ఏ వేళకు ఎగరేయాలన్నది చూడటానికి ఒకరోజు బ్యాటరీలన్నీ ఛార్జ్ చేసుకుని ఎర్రచేను పక్కనే మంచం వేసుకున్నాం. పొద్దున ఆరుంబావుకు బేసిన్లు నల్లగా, చల్లగా కనపడుతున్నాయి. ఎనిమిదికి లేవు. లేవంటే లేవు, నేను కెమెరా పాడైందనుకుని ఆపి మళ్లీ ఆన్ చేశాను. పదిన్నరకు అదే చోట తెల్లగా, వేడిగా తిరిగొచ్చాయి. సాయంత్రం ఐదు ప్రాంతంలో మళ్లీ మాయం, ఏడుకి మళ్లీ నల్లగా. మామ ఈ దాగుడుమూతలు చూసి ‘ఎనిమిదింటికి ఎవడైనా ఎగరేసి నేల శుభ్రంగా ఉందని సంతకం పెడితే?’ అన్నాడు. దీనికి కెమెరా కొత్త మోడల్ మందు కాదు. ఒకే నేలను రోజులో నాలుగైదు వేళల్లో తీసి, ఆ ఫోటోలు ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడాలి. ఏ చోటు పగలు వేడి రాత్రి చల్లన అవుతోందో అదే అనుమానించాల్సిన చోటు. రాయి, మేక ఇలా రంగు మార్చవు.

ఇక వస్తువు మీద నా ఫిర్యాదులు. మొదటిది, వీడియో సెకనుకు తొమ్మిది ఫ్రేములే. ఇది ఈ కంపెనీ తప్పు కాదు, అంతకన్నా వేగం ఉన్న థర్మల్ కెమెరాల ఎగుమతి మీద చాలా దేశాల్లో ఆంక్షలు ఉన్నాయి, అందుకని చాలా కెమెరాల్ని అక్కడే బిగించి అమ్ముతారు. ఎగురుతూ చూస్తే బొమ్మ కుంటుతుంది. ఆగి ఫోటో తీసుకుంటే గొడవ లేదు. రెండోది, రెండు మూడు నిమిషాలకోసారి ‘టక్’ మని కెమెరా తనను తాను సరిచూసుకుంటుంది, ఆ క్షణం బొమ్మ బిగుసుకుపోతుంది, కరెక్టుగా ముఖ్యమైన చోటే ఇది జరుగుతుంది, దీనికి శాస్త్రీయ కారణం లేదు, నా జాతకం. మూడోది నిజంగా చిరాకు: ఆటో మోడ్‌లో ఫ్రేములోకి ఒక ట్రాక్టర్ ఇంజిన్ వస్తే చాలు, రంగులన్నీ దానికి సర్దుకుని నేలంతా ఒకే నలుపైపోతుంది. డిగ్రీ తేడా కోసం వెతికేవాళ్లు రేంజిని చేత్తో ఐదారు డిగ్రీలకు బిగించాలి, ఆ సెట్టింగు మెనూలో నాలుగో లోతులో దాచారు, డ్రోన్ ఆఫ్ చేసిన ప్రతిసారీ అది చెరిగిపోతుంది. సర్వీస్ సెంటర్‌కు రాస్తే ‘అప్‌డేట్‌లో వస్తుంది సార్’ అన్నారు. రెండు అప్‌డేట్లు వచ్చాయి, రెండింట్లోనూ కొత్త రంగుల ప్యాలెట్లు వచ్చాయి. నిప్పు రంగు ప్యాలెట్ కస్టమర్లకు చూపించడానికి బాగుంటుంది, వెతకడానికి మాత్రం తెలుపు నలుపే వాడండి, కంటికి మోసం తక్కువ.

మా ఎండలకు కంట్రోలర్ తెర మధ్యాహ్నం కాగిపోయి మసకబారుతుంది, గొడుగు పట్టడానికి ఒక మనిషి కావాలి. బ్యాటరీ ఇరవై ఐదు నిమిషాలు అని రాశారు, నాకు పందొమ్మిది దాటలేదు. 2022 ఫిబ్రవరిలో విదేశీ డ్రోన్ల దిగుమతి ఆపేశాక మనకు దొరికేవి ఇక్కడ బిగించినవే, దానివల్ల విడిభాగాలు త్వరగా వస్తున్నాయి, అదొక్కటీ నిజమైన లాభం. ఓర్వకల్లు ఎయిర్‌పోర్టు వచ్చాక మా వైపు కొంత మేర అనుమతి లేకుండా ఎగరేయకూడదు, పైలట్ సర్టిఫికెట్ కూడా ఉండాలి, మ్యాపు చూసుకుని ఎగరేయండి.

తమ్ముడికి ఏం చెప్పానంటే, తారురోడ్డు విషయంలో దీన్ని నమ్మొద్దని. మనకు మందుపాతర అనగానే 2003 అక్టోబర్ ఒకటి, అలిపిరి గుర్తొస్తాయి. అసలా మాటలోని పాతర జొన్నలు దాచుకునే గొయ్యి, మా తాతల ఇళ్ల ముందు ఉండేది, మనిషి దిగి నిలబడేంత లోతు. 2023 ఏప్రిల్‌లో దంతెవాడ జిల్లా అరన్‌పూర్ దగ్గర పదిమంది జవాన్లూ డ్రైవరూ పోయిన పేలుడులో మందు రోడ్డు కింద ఉంది. అంత మందాన తారు, కంకర పైనుంటే ఎండ వేడి ఆ లోతుకు వెళ్లదు, అక్కడి కబురు పైకి రాదు. చుట్టూ అడవి ఉంటే చెట్ల నీడలు వేరే. పక్క మట్టి నిన్న కదిపారా లేదా అన్నంత వరకే ఇది చెప్పగలదు, అదీ వాన పడకపోతే. వాడు కాసేపు మాట్లాడలేదు, తర్వాత ‘సరేలే అన్నా, మా కుక్కే బెటర్’ అన్నాడు.

కుక్కే కాదు, ఎలుకలు కూడా బెటరే. టాంజానియాలో అపోపో అనే సంస్థ ఆఫ్రికా జాతి పెద్ద ఎలుకలకు టీఎన్‌టీ అనే పేలుడు మందు వాసన పట్టడం నేర్పిస్తుంది. మగావా అనే ఎలుక కాంబోడియాలో మొత్తం వందకు పైగా పేలుడు పదార్థాలు పట్టింది, 2020లో బంగారు పతకం కూడా తీసుకుంది. ఇలాంటి ఎలుక టెన్నిస్ కోర్టంత నేలను అరగంటలో చూసేస్తుందట, తుప్పు మేకుల్ని పట్టించుకోదు, పొద్దున ఎనిమిదైనా దానికి ఒకటే. మామకు ఫోటో చూపిస్తే ‘ఇది మన పందికొక్కే కదరా’ అన్నాడు. పందికొక్కు కాదు, దగ్గర చుట్టమూ కాదు, కానీ ఇంగ్లిషువాళ్లు బాండికూట్ అన్న మాటను మన పందికొక్కు నుంచే తీసుకున్నారు, ఆ మాత్రం గర్వపడదాం.

మెటల్ డిటెక్టర్ సంగతి అడుగుతారు కాబట్టి: 1996లో సవరించిన అంతర్జాతీయ ప్రోటోకాల్ ప్రకారం కాలి మైన్లలో కనీసం 8 గ్రాముల ఇనుముకు సమానంగా డిటెక్టర్ పలికేంత లోహం ఉండాలి. అంతకుముందు తయారైన చాలా ప్లాస్టిక్ మైన్లలో దాదాపు ఏమీ ఉండేది కాదు. థర్మల్ మీద ఆశంతా అందుకే, ప్లాస్టిక్ అయినా ఇనుమైనా దానికి తేడా లేదు. ఎకరాలకు ఎకరాల్లో ఎక్కడ మొదలుపెట్టాలో, మైన్ల వరస ఎటు పోతోందో మనిషి కాలు పెట్టకుండా చెప్పగలిగితే అదే పెద్ద సాయం. ‘వరసలో రెండు దొరికితే మూడోది ఎక్కడుందో మేమే చెప్తాం’ అంటాడు మామ. ఆ తర్వాత పని మాత్రం మోకాళ్ల మీదే.

కాబట్టి సోలార్‌కు నాలుగున్నర. కొత్తగా కదిపిన మట్టి చూడటానికి మూడు. పాతినవి కనిపెట్టడానికి, ఎడారి కాని మన నేలల్లో, ఒకటి. మూడో పేజీకి సున్నా, ఆ పేజీ తీసేయమని మెయిల్ పెట్టాను, జవాబుగా పండగ ఆఫర్ వచ్చింది.

పరీక్ష అయిపోయాక డబ్బాలన్నీ తీసేద్దామని వెళ్లాం. ఎర్రచేలోవి, రేగడిలోవి నోటుబుక్కు చూసుకుని పారతో తీసేశాం. హంద్రీ ఇసుకలో మూడింటికి రెండే దొరికాయి. వాన రోజు అక్కడ కాస్త నీళ్లు పారాయి. కొలత ప్రకారం ఉండాల్సిన చోట డ్రోన్ రెండు సాయంత్రాలు ఎగరేశాను, తెరమీద ఏమీ లేదు. మామ సైకిల్ పుల్ల ఒకటి పట్టుకుని మోకాళ్ల మీద కూర్చుని, ఇసుకలోకి ఏటవాలుగా, ముప్ఫై డిగ్రీల వాలులో, వేలెడు ఎడం వేలెడు ఎడంగా గుచ్చుకుంటూ గంటసేపు వెతికాడు. సున్నం డబ్బాలో మైనమే కదా మామా వదిలెయ్ అన్నాను. వినలేదు. చీకటి పడ్డాక లేచి, నోటుబుక్కులో ఆ మూడో గుర్తు పక్కన ‘దొరకలేదు’ అని రాసి తేదీ వేశాడు.